పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ తిరగబెడితే కార్-టి చికిత్సకు ఎలా సిద్ధం కావాలి: ఫైలు సర్దుకోవడం నుంచి 28వ రోజు పరీక్ష దాకా

పోయిన నెల పరకాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పేరు చెప్పాక రెండో మాటే, "అన్నా, నలభై లక్షలు ఎక్కడ తేవాలె?" అని. పాపకి ఎనిమిదేళ్లు. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమంటే పెట్టాడు. అందులో 'టి-ఏఎల్ఎల్' అని స్పష్టంగా ఉంది, అంటే టి కణాల్లో పుట్టే రకం బ్లడ్ క్యాన్సర్. ఏ కార్-టి మందు కోసం ఆయన ఎకరంన్నర పొలం బేరం పెట్టాడో, ఆ మందు ఆ రకం జబ్బుకి పనిచేయదు. రిపోర్టు రెండో పేజీ చదివి చెప్పినవాళ్లు లేక పది రోజులు పైసల కోసమే తిరిగాడు.

ఇలాంటి ఫోన్లు చాలా వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. మాది హన్మకొండ. మా అక్క కొడుక్కి పన్నెండేళ్లప్పుడు బి-ఏఎల్ఎల్, అంటే బి కణాల్లో పుట్టే రకం, వచ్చింది. రెండేళ్లకు పైగా కీమో చేయించాం. కీమో ఆపిన మూడు నెలలకే తిరగబెట్టింది. మళ్లీ కీమో ఇచ్చినా పూర్తిగా లొంగలేదు. పదహారో ఏట కార్-టి చేయించాం. ఫైలు మోసిన మేనమామను నేను. మందు, మోతాదు మీ డాక్టర్ చెప్పాల్సినవి. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, మనలాంటి వాళ్లం ఎక్కడ తప్పులో కాలేస్తాం అన్నంతవరకే నా మాట.

అసలు కార్-టి అంటే ఏమిటో నాలుగు ముక్కల్లో: పిల్లవాడి రక్తంలోంచి టి కణాలు (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల కణాలు) తీస్తారు. ల్యాబ్‌లో, జబ్బు చేయకుండా మార్చిన వైరస్ సాయంతో వాటికి ఒక కొత్త కొక్కెం తగిలిస్తారు. ఆ కొక్కెం బి కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకుంటుంది. అలా మార్చిన కణాల్ని పెంచి, మళ్లీ అదే పిల్లవాడికి ఎక్కిస్తారు. అవి సీడీ19 ఉన్న క్యాన్సర్ కణాల్ని చంపుతాయి. మంచి బి కణాల మీద కూడా అదే గుర్తు ఉంటుంది కాబట్టి వాటినీ చంపుతాయి. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మొదటిసారి జబ్బు తేలినప్పటి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీద ఏ గుర్తులున్నాయో చూసే పరీక్ష) రిపోర్టు, తిరగబెట్టినప్పటిది. రెండూ కావాలి.
- ఇప్పటిదాకా ఇచ్చిన కీమో చార్టు. ఏ మందు, ఏ తేదీన, ఎంత.
- బోన్‌మ్యారో (ఎముక మజ్జ), ఎంఆర్‌డీ (చికిత్స తర్వాత ఇంకా మిగిలిన క్యాన్సర్ కణాల లెక్క), వెన్నులో నీళ్ల పరీక్ష, ఎకో (గుండె స్కాన్), హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ రిపోర్టులు.
- పిల్లవాడి ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, రేషన్ కార్డు, మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం.
- రెండు డిజిటల్ థర్మామీటర్లు. ఒకటి ఎప్పుడూ అవసరమైనప్పుడే మొరాయిస్తుంది.
- గీతలున్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్నులు.
- కనీసం రెండు నెలలు పని వదిలి ఉండగలిగే ఇద్దరు మనుషులు. తల్లి ఒక్కతే ఉంటే చాలదు. పదో రోజుకి ఆమెకీ జ్వరం వస్తే పిల్లవాడి దగ్గర ఎవరుండాలి?

1. ఇది మీ పిల్లవాడికి పనికొచ్చేదేనా, ముందు అది తేల్చుకోండి

డబ్బు మాట ఎత్తకముందే డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ఒకటి, ఇది బి రకమా, టి రకమా? ఇప్పుడు దొరికే సీడీ19 కార్-టి, బి రకానికే.

రెండు, తిరగబెట్టినప్పుడు తీసిన నమూనాలో సీడీ19 ఉందా? నాలుగేళ్ల కింద ఉందంటే సరిపోదు. ముఖ్యంగా మధ్యలో బ్లినాటుమొమాబ్ వాడి ఉంటే మళ్లీ చూడమని అడగండి. ఆ మందు కూడా సీడీ19నే పట్టుకుంటుంది. కొందరిలో దాని తర్వాత క్యాన్సర్ కణాలు ఆ గుర్తును వదిలేసి వస్తాయి.

మూడు, ఎప్పుడు తిరగబెట్టింది? చికిత్స పూర్తయిన ఆరు నెలల తర్వాత తిరగబెట్టి, మళ్లీ కీమోకి బాగా లొంగితే, కార్-టి లేకుండానే నయమయ్యే పిల్లలు చాలామంది ఉంటారు. చికిత్స నడుస్తుండగానో, ఆపిన కొద్ది నెలలకో తిరగబెడితే, రెండోసారి తిరగబెడితే, బోన్‌మ్యారో మార్పిడి తర్వాత వస్తే, కీమోకి లొంగకపోతే అప్పుడు కార్-టి మాట గట్టిగా వస్తుంది.

వేరే దారులూ ఉన్నాయి. బ్లినాటుమొమాబ్ ఒకటి. ఒక్కో విడత 28 రోజులు పంపు ద్వారా ఆగకుండా ఎక్కుతుంది. ఇనోటుజుమాబ్ సీడీ22 అనే వేరే గుర్తును పట్టుకుంటుంది. జబ్బును అదుపులోకి తెచ్చి, తల్లి లేదా తండ్రి మూలకణాలతో చేసే సగం మ్యాచ్ బోన్‌మ్యారో మార్పిడి ఇంకొకటి. మీ వాడికి వీటిలో ఏది ఎందుకు వద్దన్నారో ఒక వాక్యం కాగితం మీద రాయించుకోండి. రెండో డాక్టర్ మొదట అడిగేది అదే.

2. ఫైలు తేదీల వారీగా పేర్చండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మాకు పది రోజులు పట్టింది. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఒరిజినల్ ఒకటి ఉండిపోయింది, డిశ్చార్జ్ సమ్మరీలు రెండు బావ స్కూటర్ డిక్కీలో తడిసి ముద్దయ్యాయి. పాతవి పైన, కొత్తవి కింద పెట్టి, మొదటి పేజీలో ఒకే కాగితం మీద కథంతా రాయండి: ఏ తేదీన జబ్బు తేలింది, ఏ ప్రోటోకాల్ (కీమో పద్ధతి), ఎప్పుడు ఆపారు, ఎప్పుడు తిరగబెట్టింది, ఇప్పటి ఎంఆర్‌డీ ఎంత, బరువు ఎంత. చౌరస్తాలో స్కాన్ చేయించి ఒకే పీడీఎఫ్‌గా ఫోన్‌లో ఉంచుకోండి. వాట్సాప్‌లో విడివిడిగా నలభై ఫొటోలు పంపితే ఏ డాక్టరూ చూడరు, చూడాలని ఉన్నా కుదరదు.

3. ఎక్కడ చేస్తారో, వయసు సరిపోతుందో చూడండి

మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ పరిశోధనలోంచి వచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. ఆ అనుమతి 15 ఏళ్లు, అంతకు పైబడిన వాళ్లకి. మా వాడికి పదహారు కాబట్టి ఆ దారి దొరికింది. అమెరికాలో 2017 ఆగస్టులో అనుమతి పొందిన కిమ్రాయా 25 ఏళ్ల లోపు పిల్లలకీ యువకులకీ ఉంది. అక్కడ దాని ధర అప్పట్లో 4,75,000 డాలర్లు.

మరి ఎనిమిదేళ్ల పాపకో, ఐదేళ్ల బాబుకో? క్లినికల్ ట్రయల్ దారి చూడాలి. ట్రయల్ అనగానే "మా పిల్లగాని మీద ప్రయోగమా" అని చాలామంది లేచి వెళ్లిపోతారు. అలా వెళ్లకండి. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదవ్వాలి. అందులో జబ్బు పేరు కొట్టి వెతకొచ్చు. వయసు పరిమితి, ఎవర్ని తీసుకుంటారు, ఇప్పుడు చేర్చుకుంటున్నారా అన్నవి అక్కడే ఉంటాయి. ట్రయల్‌లో ఏది ఉచితం, ఏది మీ ఖర్చు అన్నది సంతకం పెట్టకముందే అడగండి. రిజిస్ట్రీలో కనిపించని 'ట్రయల్' ఎవరైనా చెబితే దూరంగా ఉండండి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు క్యాన్సర్ విభాగం ఉంది. ముందు అక్కడో, ఇప్పటికే చూపిస్తున్న చోటో పిల్లల క్యాన్సర్ డాక్టర్ దగ్గర రెఫరల్ లెటర్ తీసుకోండి. టాటా మెమోరియల్ వాళ్ల కార్-టి పని ఎక్కువగా నవీ ముంబైలోని ఖార్ఘర్ క్యాంపస్ నుంచి సాగింది. టాటాతో కలిసి నడిచే 'నవ్య' అనే ఆన్‌లైన్ సెకండ్ ఒపీనియన్ సేవ ఉంది. రైలెక్కే ముందు అది వాడుకోవచ్చు.

ముంబై పోవాల్సి వస్తే వరంగల్, కాజీపేట మీదుగా కోణార్క్ ఉంది. ఆదిలాబాద్ వైపు వాళ్లకి నందిగ్రామ్ ఉంది. క్యాన్సర్ రోగికి చికిత్స ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారం కావాలి. ఉండడానికి సెయింట్ జూడ్ ఇండియా వాళ్ల కేంద్రాలు ముంబైలో, హైదరాబాద్‌లో ఉన్నాయి. క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితం. ఆసుపత్రి సోషల్ వర్కర్ ద్వారా అడగాలి, మనం నేరుగా వెళ్లి గది తీసుకునే పద్ధతి కాదు.

4. ఖర్చు కాగితం మీద రాయించుకోండి

నెక్స్‌కార్19 ధర 40 లక్షల రూపాయలకు అటూఇటూ అని వార్తల్లో వచ్చింది. అందరూ ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతారు. మేమూ ఆగాం. మీరు ఎస్టిమేట్‌లో ఈ వరసలు విడివిడిగా రాయించండి: కణాల సేకరణ, మధ్యలో కీమో, వార్డు, ఐసీయూ అవసరమైతే రోజుకి ఎంత, టోసిలిజుమాబ్ మందు (ఎందుకో 8లో చెబుతాను), రక్తం, ప్లేట్‌లెట్లు, డిశ్చార్జ్ తర్వాత ఇమ్యునోగ్లోబులిన్, బోన్‌మ్యారో పరీక్షలు, దగ్గర్లో గది అద్దె. కణాలు తీసుకున్నాక ల్యాబ్‌లో సరిగ్గా పెరగకపోతే డబ్బు సంగతేంటి? పిల్లవాడి పరిస్థితి మారి ఎక్కించలేకపోతే ఏం చేస్తారు? ఈ రెండూ తప్పకుండా అడగండి. అడిగినప్పుడు కౌంటర్‌లో అమ్మాయి నా వైపు వింతగా చూసింది. సమాధానం మాత్రం రాసి ఇచ్చింది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏ దశ ఏ ప్యాకేజీ కింద వస్తుందో, ఏది రాదో ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి. సీఎం రిలీఫ్ ఫండ్‌కి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్లాలి. చికిత్సకు ముందు ఎల్‌ఓసీ (ఖర్చుకి ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) ఏ ఆసుపత్రులకు ఇస్తారో తెలుసుకున్నాకే అడ్మిషన్ ఎక్కడో నిర్ణయించుకోండి. తర్వాత బిల్లులు పెట్టాలంటే ఒరిజినల్స్ కావాలి. గోదావరిఖని, భూపాలపల్లి, మంచిర్యాల వైపు సింగరేణి కుటుంబాలైతే ముందు కంపెనీ ఆసుపత్రిలో రెఫరల్ అడగండి. కేంద్రం వైపు ప్రధానమంత్రి సహాయ నిధి, పేద కుటుంబాలకి ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి ఉన్నాయి.

5. కణాల సేకరణ: ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే

సేకరణ అంటే ఆపరేషన్ కాదు. రెండు లైన్లు పెడతారు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌లోకి పోతుంది, టి కణాలున్న భాగాన్ని వేరుచేసి మిగతాది రెండోదాని ద్వారా వెనక్కి వస్తుంది. మూడు నుంచి ఐదారు గంటలు పడుతుంది. మెడలోనో తొడలోనో కాథెటర్ పెట్టాల్సి రావొచ్చు. మరీ చిన్న పిల్లలకి మిషన్ గొట్టాలను ముందే రక్తంతో నింపుతారు. మధ్యలో పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందని పిల్లలు అంటే వెంటనే నర్సుకి చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల కాల్షియం తగ్గుతుంది, కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది.

అసలు కష్టమంతా సేకరణకి ముందు వారం. టి కణాలు సరిపడా ఉండాలి, బలంగా ఉండాలి. స్టెరాయిడ్ వాటిని చంపుతుంది. అందుకే సేకరణకి ముందు కొన్ని రోజులు స్టెరాయిడ్, కొన్ని రకాల కీమో ఆపేస్తారు. ఎన్ని రోజులన్నది మీ సెంటర్ చెబుతుంది.

మా వాడికి తేదీ ఖాయమైంది. ఆ మధ్యలో చుట్టాల పెళ్లికి ఊరెళ్లాడు. రాత్రి ఒళ్లు నొప్పులు, కొంచెం జ్వరం. అక్కడి ఆర్‌ఎంపీ వచ్చి నడుముకి ఒక సూది వేశాడు. తెల్లారేసరికి వాడు లేచి ఆడుకుంటున్నాడు. అందరం సంతోషించాం. సేకరణ రోజు ఉదయం లింఫోసైట్ (టి కణాలు ఈ రకంలోవే) కౌంట్ చూసి డాక్టర్ మొహం మారిపోయింది. "మధ్యలో ఏదైనా ఇంజెక్షన్ చేయించారా?" ఆర్‌ఎంపీకి ఫోన్ చేస్తే, "ఏం లేదు సార్, ఒక డెక్సా, ఒక నొప్పి సూది" అన్నాడు. డెక్సా అంటే డెక్సామెథసోన్, స్టెరాయిడ్. సేకరణ పన్నెండు రోజులు వెనక్కి పోయింది. ఆ పన్నెండు రోజుల్లో జబ్బు ఆగదు కదా. ఆయన తప్పు ఎంతో నాకు తెలియదు, ఎవరికైనా అదే వేస్తాడు. చెప్పాల్సింది మేము.

కాబట్టి ఈ వారంలో:

- జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా ఊళ్లో సూది వద్దు. సెంటర్‌కి ఫోన్ చేయండి.
- ఆయాసం, దురద, అలర్జీ అని ఇచ్చే మాత్రల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. స్ట్రిప్ ఫొటో తీసి పంపి అడగండి.
- ప్లేట్‌లెట్ల కోసం బొప్పాయి ఆకు రసం, పసరు మందు ఇవ్వకండి. కౌంట్స్ తక్కువున్న పిల్లలకి పచ్చి ఆకు రసంతో ఇన్ఫెక్షన్ వస్తే మొత్తం వాయిదా పడుతుంది.
- రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమేనా అని బ్లడ్ బ్యాంక్‌లో అడగండి, 'ఇర్రేడియేటెడ్' అంటే వాళ్లకి అర్థమవుతుంది. సొంత అన్నదమ్ముల, మేనమామల రక్తం నేరుగా ఎక్కించొద్దు. ప్రేమతో చేయి చాపుతాం కానీ దగ్గరి రక్త సంబంధం ఉన్నవాళ్ల రక్తంలో ప్రమాదం ఎక్కువ. మేము దాతలుగా వేరేవాళ్ల కోసం ఇచ్చాం, మా వాడికి బయటివాళ్ల రక్తం ఎక్కింది.

సరిగ్గా ఉందా అని తెలుసుకోవడానికి ఆ రోజు ఉదయం సీడీ3 కౌంట్ (టి కణాల లెక్క) ఎంత, సాయంత్రం సంచిలోకి ఎన్ని కణాలు వచ్చాయి, అవి చాలా అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. చాలకపోతే మర్నాడు మళ్లీ కూర్చోబెడతారు.

6. కణాలు తయారయ్యేదాకా

కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు జబ్బు పెరగకుండా తేలికపాటి కీమో ఇస్తారు. దీన్ని బ్రిడ్జింగ్ అంటారు. జబ్బును పూర్తిగా తుడిచేయడం కాదు దీని పని, అదుపులో ఉంచడం. ఎక్కించే రోజుకి జబ్బు భారం తక్కువుంటే తర్వాత వచ్చే జ్వరం, ఇబ్బందులు కూడా సాధారణంగా తక్కువగా ఉంటాయి. "ఇంకొంచెం గట్టి కీమో ఇవ్వండి సార్" అని ఒత్తిడి చేయకండి. ఇన్ఫెక్షన్ తెచ్చుకుని ఐసీయూలో పడితే సిద్ధమైన కణాలు ఫ్రీజర్‌లోనే ఉండిపోతాయి.

7. ఎక్కించడం

ఇది చాలా చిన్న ఘట్టం. ముందు మూడు నాలుగు రోజులు ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి పాత లింఫోసైట్లను తగ్గిస్తారు, కొత్తవాటికి చోటు కావాలి. కొద్ది రోజులు ఆగి కణాల సంచి తెస్తారు. కొన్ని మందుల్లో ఒకేసారి, కొన్నింట్లో విడతలుగా ఇస్తారు. ఒక్కోసారి పావుగంటలో అయిపోతుంది. సంచి మీద పేరు, నంబర్, పిల్లవాడి చేతి పట్టీ మీద నంబర్ ఒకటేనా అని నర్సులు ఇద్దరు చదువుతారు, మీరూ చూడండి. కణాలు పాడవకుండా కలిపిన మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన వస్తుంది. మా అక్క బిర్యానీ ఎవరు తెచ్చారని వెతికింది.

8. తర్వాతి నాలుగు వారాలు: జ్వరం, చేతిరాత

ఆసుపత్రికి రెండు గంటల దూరంలోపే ఉండమంటారు. హన్మకొండ నుంచి హైదరాబాద్ రెండున్నర గంటలే కదా అనుకోకండి. రాత్రి రెండింటికి జ్వరం వస్తే వెహికల్ మాట్లాడి ఉప్పల్ దాటేసరికి తెల్లారుతుంది. గది అద్దెకు తీసుకోండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది సమాచారం, వెంటనే చెప్పాలి. ముందు పారాసిటమాల్ వేసి తర్వాత చెబుదాం అనుకోవద్దు. మాత్ర వేస్తే అంకె దిగుతుంది, లోపల జరిగేది ఆగదు. కణాలు పనిచేయడం మొదలుపెట్టినప్పుడు శరీరంలో సైటోకైన్లు (కణాలు వదిలే రసాయనాలు) ఒక్కసారిగా పెరుగుతాయి. జ్వరం, బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం దానివల్లే. ఎక్కువైతే టోసిలిజుమాబ్ ఇస్తారు. అసలు కీళ్లవాతానికి వాడే మందు అది. 2012లో ఫిలడెల్ఫియాలో ఈ చికిత్స పొందిన మొదటి పిల్ల, ఆరేళ్ల ఎమిలీ వైట్‌హెడ్, ఈ దశలోనే ప్రాణాపాయంలో పడితే డాక్టర్లు ఆ మందు ఇచ్చి బయటపడేశారు. మీ ఆసుపత్రి ఫార్మసీలో అది ఎక్కించే రోజుకే సిద్ధంగా ఉందా అని ముందే అడగండి. ఇంకో పొరపాటు ఊహ: జ్వరం రాలేదు కాబట్టి కణాలు పనిచేయడం లేదని. అలా ఏం లేదు. జ్వరం తక్కువగా వచ్చి జబ్బు పోయినవాళ్లూ ఉన్నారు.

రెండో ఇబ్బంది మెదడుకి సంబంధించింది. మాట తడబడడం, అయోమయం, వణుకు, ఫిట్స్. దీన్ని తొందరగా పట్టుకోవడానికి రోజూ పది మార్కుల చిన్న పరీక్ష పెడతారు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి, మూడు వస్తువుల పేర్లు, ఒక పని చెప్పి చేయమనడం, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టడం, ఒక వాక్యం రాయడం. పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేరే పద్ధతి: పిల్ల అమ్మ కళ్లలోకి చూస్తోందా, పిలిస్తే పలుకుతోందా, కుదురుగా ఉందా అని చూస్తారు. మీ పిల్ల మామూలుగా ఎలా ఉంటుందో నర్సుకి తెలియదు, మీకే తెలుసు.

తెలుగువాళ్లకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేరే రాష్ట్రంలో అయితే హిందీలోనో ఇంగ్లిష్‌లోనో అడుగుతారు. పిల్లవాడు అర్థంకాక ఆగితే మార్కు పోతుంది, లేదా "భాష రాక" అని అసలు లక్షణాన్ని వదిలేస్తారు. ప్రశ్నలన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, కణాలు ఎక్కించకముందే ఒకసారి అడిగి జవాబులు నోట్ చేసి నర్సుకి ఇవ్వండి. తర్వాత మీరే పక్కన నిలబడి అడగండి.

రాసే వాక్యం రోజూ ఒకటే ఉండాలి. మా వాడు ఎంచుకున్నది "మా అమ్మమ్మ చేసే సర్వపిండి కరకరలాడుతుంది". మొదటి ఐదు రోజులూ నోట్‌బుక్‌లో ఆ వాక్యం ఒకేలా ఉంది. గీత మీద నిలబడి, కొంచెం వాలుగా. ఆరో రోజు ఉదయం 'సర్వపిండి'లో వ ఒత్తు కింద గీతలోకి జారింది. 'కరకర' అని రాయబోయి 'కకకక' అని రాసి, పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. ఊరు పేరు, నెల పేరు అన్నీ సరిగ్గానే చెప్పాడు. రాత నిద్రమత్తు వల్ల అనుకుని వదిలేద్దామనిపించింది. నర్సుకి నిన్నటి పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన చూపించా. పావుగంటలో డాక్టర్ వచ్చారు. సాయంత్రానికి మాట కూడా తడబడింది, కానీ అప్పటికే మందు ఎక్కుతోంది. ఏం మందని అడిగితే డెక్సా అన్నారు. ఊళ్లో వేస్తే పన్నెండు రోజులు పోగొట్టిన మందే. మూడో రోజుకి వ ఒత్తు మళ్లీ గీత పైకి వచ్చింది.

అందుకే పేజీలు చింపకండి. తేదీ, టైమ్ వేసి ఉంచండి.

9. ఇంటికి వచ్చాక

కౌంట్స్ చాలా వారాలు తక్కువగానే ఉండొచ్చు. సెప్ట్రాన్, ఎసైక్లోవిర్ లాంటి ముందుజాగ్రత్త మందులు డాక్టర్ ఆపమనేదాకా ఆపొద్దు. మంచి బి కణాలు కూడా పోయాయి కాబట్టి శరీరం యాంటీబాడీలు తయారు చేసుకోలేదు. రక్తంలో ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) తగ్గితే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలి, నెలనెలా పట్టొచ్చు.

పోస్ట్‌కార్డు సైజు అట్ట మీద ఇవి రాసి లామినేషన్ చేయించి, ఒకటి ఫోన్ కవర్‌లో, ఒకటి పిల్లవాడి బ్యాగ్‌లో పెట్టండి: "కార్-టి చికిత్స జరిగింది. తేదీ. సెంటర్ ఫోన్ నంబర్. సెంటర్‌తో మాట్లాడకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దు. ఇర్రేడియేటెడ్ రక్తమే ఎక్కించాలి. లైవ్ టీకాలు వద్దు." దీన్ని తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయించండి. ప్రాణం మీదికొస్తే అక్కడున్న డాక్టర్ నిర్ణయమే చివరిది. మామూలు జ్వరానికి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌కి ఈ కార్డు చాలా పని తగ్గిస్తుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే పల్స్ పోలియో చుక్కల సంగతి కూడా సెంటర్‌ని అడిగి, ఆశా వర్కర్‌కి చెప్పండి.

మొక్కుల మాట. మా అమ్మ మేడారంలో మనవడి ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే అలా అంటారు) ఇస్తానని మొక్కుకుంది. వాడు ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే బెల్లం గురించి మాట్లాడింది. ఆ జనంలోకి, ఆ దుమ్ములోకి ఇప్పుడు వాణ్ని తీసుకుపోలేం అంటే రెండు రోజులు అలిగింది. చివరికి వాణ్ని ఇంట్లోనే తూకం వేసి, ఆ బరువు కాగితం మీద రాసి దేవుడి గూట్లో పెట్టాం. అమ్మ ఒక్కతే పోయి ఇచ్చొస్తుంది. మీ ఇంట్లోనూ ఏదో ఒకటి ఉంటుంది, వద్దని కొట్టిపారేయకుండా పెద్దవాళ్లు వెళ్లేలా సర్దండి.

10. పనిచేసిందా లేదా ఎలా తెలుస్తుంది

28వ రోజు చుట్టూ బోన్‌మ్యారో పరీక్ష ఉంటుంది. రిపోర్టులో రెండు చోట్ల చూడండి. బ్లాస్ట్‌లు (ఎదగని పచ్చి కణాలు) 5 శాతం లోపు ఉన్నాయా, ఎంఆర్‌డీ ఎంత? ఎంఆర్‌డీ 0.01 శాతం కంటే తక్కువుంటే నెగెటివ్ అంటారు. "రిమిషన్" (జబ్బు కనిపించడం లేదు) అన్న ఒక్క మాట విని ఇంటికి రాకండి, ఎంఆర్‌డీ అంకె రాసుకోండి.

మామూలుగా జరిగే పొరపాట్లు: ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని చికిత్స ఫెయిలైందనుకోవడం, తెల్ల కణాలు నార్మల్‌కి వచ్చాయని గెలిచేశామనుకోవడం. రెండూ తప్పే. ఆ అంకెలు మజ్జ కోలుకోవడం గురించి చెబుతాయి, జబ్బు గురించి కాదు.

రెండో కొలత బి కణాలు. రక్తంలో సీడీ19 లేదా సీడీ20 కణాలు సున్నా దగ్గర ఉన్నాయంటే కార్-టి కణాలు ఇంకా బతికి పనిచేస్తున్నాయన్నమాట. మొదటి ఆరు నెలల్లోనే బి కణాలు తిరిగొస్తే అడగాల్సిందే, కాపలా కణాలు వెళ్లిపోయాయేమో. అయితే సున్నా ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. సీడీ19 వదిలేసిన క్యాన్సర్ కణాలు ఈ పరీక్షకి చిక్కవు, అందుకే బోన్‌మ్యారో పరీక్ష తప్పదు.

కిమ్రాయాతో చేసిన పెద్ద ట్రయల్‌లో 75 మంది పిల్లలు, యువకులకి కణాలు ఎక్కించారు. మూడు నెలల్లో 81 శాతం మందిలో జబ్బు కనిపించకుండా పోయింది. ఏడాదికి జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు సుమారు సగం. ఈ రెండో అంకె ఫోన్‌లో చెప్పినప్పుడు అవతలివాళ్లు కాసేపు మాట్లాడరు. అయినా చెబుతాను, ఎందుకంటే 28వ రోజు రిపోర్టు బాగున్నప్పుడే తర్వాతి నిర్ణయం తీసుకోవాలి: బోన్‌మ్యారో మార్పిడి కూడా చేయాలా, లేక కనిపెట్టుకుని ఉండాలా? ముందు మార్పిడి జరిగిందా, జన్యు రకం ఏంటి, బి కణాలు ఎప్పుడు తిరిగొచ్చాయి అన్నవాటిని బట్టి డాక్టర్లు చెబుతారు. ఆ ప్రశ్న మీరే లేవనెత్తండి. దాత కోసం అన్నదమ్ముల, అమ్మానాన్నల హెచ్ఎల్ఏ పరీక్ష (ఎవరి కణాలు మ్యాచ్ అవుతాయో చూసేది) ముందే చేయించి ఉంటే నెల కలిసొస్తుంది. 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ కార్-టి మందులన్నిటి మీద, అరుదుగా కొత్తగా టి కణాల క్యాన్సర్ రావొచ్చని హెచ్చరిక చేర్చింది. అందుకే ఏళ్ల తరబడి చెకప్‌కి రమ్మంటారు.

28వ రోజు రిపోర్టులో జబ్బు ఇంకా ఉంటే ఆ వారమే కూర్చుని మాట్లాడండి. సీడీ22 మందు, మరో ట్రయల్, కాకపోతే నొప్పి లేకుండా ఇంట్లో ఉండేలా చూసే పాలియేటివ్ సేవ. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. దాన్ని చివరి రోజుకి వాయిదా వేయకండి, చికిత్స నడుస్తుండగానే వాళ్ల సాయం తీసుకోవచ్చు.

పరకాల పాప నాన్నతో మొన్న మళ్లీ మాట్లాడాను. టి రకానికి ఏ కీమో, మార్పిడికి దాత ఎవరు అన్నది ఎంఎన్‌జేలో చూస్తున్నారు. పొలం బేరం ఆపేశాడు. ఫైలు మాత్రం ఇంకా తేదీల వారీగా పేర్చలేదట. ఆదివారం పట్టుకుని రమ్మన్నాను.